లార్డ్ సిన్హా బిరుదు కొడుక్కి దక్కడానికి పదకొండేళ్లా? ఇది న్యాయమేనా?

గోదారిగట్టు:
1919లో బ్రిటన్ రాజు సత్యేంద్ర ప్రసన్న సిన్హాకి 'బారన్ సిన్హా ఆఫ్ రాయ్‌పూర్' బిరుదిచ్చాడు (బారన్ అంటే ప్రభువుల్లో ఒక హోదా). (ఈ రాయ్‌పూర్ ఛత్తీస్‌గఢ్‌ది కాదు, బెంగాల్లో బీర్‌భూమ్ జిల్లాలోని ఊరు.) వంశపారంపర్య బిరుదుతో లార్డ్స్ సభకి (బ్రిటన్ పార్లమెంటు ఎగువసభకి) వెళ్లిన తొలి భారతీయుడాయన. 1928లో పోయారు. పెద్దకొడుకు అరుణ్ కుమార్ హక్కును ఒప్పుకున్నది 1939లో! తల్లిదండ్రులది హిందూ పెళ్లి కావడమే చిక్కట. పచ్చి వివక్ష కాక ఇదేంటి?

ప్లీడరుగుమాస్తా:
ఆవేశం సరే, చిక్కేంటో చూడండి. ఇలాంటి బిరుదు సక్రమ వివాహంలో పుట్టిన మగసంతానానికే వెళ్తుంది. మగాడు ఇంకో పెళ్లి చేసుకునే వీలున్న వివాహాన్ని వివాహంగా చూడలేమని 1866లో హైడ్ కేసులో ఇంగ్లిష్ కోర్టు అంది. అది మోర్మన్ పెళ్లి (మోర్మన్లంటే అప్పట్లో బహుభార్యత్వం ఒప్పుకున్న అమెరికా మతశాఖ). సిన్హా పెళ్లి 1880లో అయింది. అప్పట్లో హిందూ మగాడు రెండో పెళ్లి చేసుకుంటానంటే ఆపే చట్టం లేదు. పెద్దభార్య కొడుకు, వాడికన్నా ముందు పుట్టిన చిన్నభార్య కొడుకు ఉంటే బిరుదెవరిది? ఆస్తయితే పంచుకుంటారు, దీన్ని ముక్కలు చెయ్యలేరుగా.

చివరికి గట్టెక్కించింది బ్రహ్మసమాజం. 1886లో సిన్హా దంపతులు 'సాధారణ బ్రహ్మసమాజం' అనే దాని శాఖలో చేరారు. అక్కడ ఒక్క భార్యే నియమం. అరుణ్ పుట్టింది 1887లో. కాబట్టి అప్పటికది ఏకపత్నీ వివాహమేనని లార్డ్స్ కమిటీ తేల్చింది.

గోదారిగట్టు:
అంటే రెండేళ్లు ముందు పుట్టుంటే? అదే అమ్మ, అదే నాన్న, అదే తాళి! పైగా 1919లో ఆయన్నే మంత్రిని చేసి, భారత ప్రభుత్వ చట్టాన్ని లార్డ్స్‌లో ఆయన చేతే నడిపించారు. అప్పుడు గుర్తురాలేదా ఈ పెళ్లి?

వంగతోట:
బెంగాలీలకి తాళి ఉండదండీ, శంఖు గాజులు. 😀

ప్లీడరుగుమాస్తా:
ఆయనకి రాజు నేరుగా ఇచ్చాడు, పెళ్లితో పనేముంది? పరీక్షంతా వారసుడికే. తెల్లవాళ్లకీ తప్పలేదు. 1973లో ఆంప్ట్‌హిల్ బారన్ పోతే, పెద్దకొడుకు అసలాయన బిడ్డే కాదని సవతి తమ్ముడు ఎదురుతిరిగాడు. 1976లో పెద్దవాడే గెలిచాడు.

గోదారిగట్టు:
అక్కడ అనుమానం ఒక బిడ్డ మీద. ఇక్కడ కోట్లమంది చేసుకున్న పెళ్లి మీద. రెండూ ఒకటేనా?

ప్లీడరుగుమాస్తా:
ఆ తేడా ఒప్పుకుంటా. కానీ హిందూ పెళ్లిని ఇంగ్లిష్ కోర్టులు గుర్తిస్తాయని, ఆ పిల్లలు సక్రమ సంతానమేనని సిన్హా కేసులోనే లార్డ్ ఛాన్సలర్ (అప్పటి బ్రిటన్ న్యాయవ్యవస్థ పెద్ద) మామ్ అన్నాడు. బిరుదుల్లాంటి వాటికి మాత్రం మినహాయింపు ఉండొచ్చన్నాడు.

గోదారిగట్టు:
ఆ 'ఉండొచ్చు' దగ్గరే నా పేచీ.