అప్‌డేట్: విజయవాడా, గుంటూరా అని అడిగిన డిజైన్ ఉద్యోగం సంగతి

విజయవాడ గవర్నర్‌పేటలోని ప్రకటనల సంస్థలో చేరాలా, లేక గుంటూరులో మిర్చి, మసాలా ప్యాకెట్లకు డిజైన్లు చేసే చిన్న ఆఫీసులో చేరాలా అని రెండు నెలల క్రితం అడిగాను. చివరికి గుంటూరులోనే చేరాను.

జీతం మాట్లాడుకునే ముందు అక్కడి డిజైనర్లతో ఒక పూట కూర్చోమని మీలో ఒకరు చెప్పిన మాటే నాకు ఎక్కువగా పనికివచ్చింది. మొదటి చోట పెళ్లిళ్ల సీజన్‌లో ఫ్లెక్సీల పని అర్ధరాత్రి దాటుతుందనీ, కస్టమరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని రంగులు మార్పిస్తాడనీ అక్కడివారే నవ్వుతూ చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇక్కడ మార్పులన్నీ ఒకే కాగితం మీద రాయించి సంతకం తీసుకుంటారు. నికర బరువు, బ్యాచ్ నంబరు, శాకాహారాన్ని తెలిపే ఆకుపచ్చ గుర్తు వంటివాటిని ప్రింటింగుకు పంపే ముందు ఇద్దరు విడివిడిగా సరిచూస్తారు కనుక, తప్పు దొరికినప్పుడు ఒకరి మీద కేకలు వేసే అవసరం రాదు.

ఇబ్బందులు లేకపోలేదు. ‘అను’ అనే పాతతరం తెలుగు ఫాంట్లలోని పాత ఫైళ్లను, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరి, ప్రతి లేబులునూ మళ్లీ చదవవలసి వస్తోంది. ఇల్లు విజయవాడలోనే కావడంతో రోజూ రానూపోనూ సుమారు 70 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. మంగళగిరి దాటేసరికి నిద్ర పట్టేస్తోంది. జీతం కొంచెం తక్కువే. ప్రొబేషన్ పూర్తయ్యాక గుంటూరులో గది తీసుకోవాలనుకుంటున్నాను.