ఎండకి కందిపోయిన వీపుకి ఏం రాయాలి?

టెక్కలి అప్ప:
నిన్న మా తమ్ముడు స్నేహితులతో కళింగపట్నం ఎల్లి, మూడింటి దాకా చొక్కా లేకుండా నీళ్ళలోనే ఉన్నాడు. ఇంటికొచ్చినప్పుడు బాగానే ఉన్నాడు. రాత్రికి భుజాలు, వీపు ఎర్రగా కందిపోయి, బనీను తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడు. అమ్మ కొబ్బరినూనె రాస్తానంటోంది, పక్కింటి పిన్ని టూత్‌పేస్టు అంటోంది. చామనఛాయ ఒంటికి కూడా ఇంతలా కాలుతుందా?

నౌపడ ఉప్పుమడి:
ఏ రంగు ఒళ్ళయినా కాలుతుందమ్మా. మా నాన్న ఉప్పుమడుల్లో పని చేస్తారు. తెల్లటి ఉప్పు మీద పడ్డ ఎండ కిందనుంచి ఎగజిమ్మి గడ్డం కింద కూడా కమిలిపోద్ది. తలపాగా ఏం ఆపుతుంది?

నూనె ఇప్పుడే వద్దు, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. పేస్టు అసలే వద్దు, మంట పెరుగుతుంది. మా అమ్మ పాత నూలు పంచె చల్లటి నీళ్ళలో తడిపి, పిండి, నాన్న వీపు మీద పరుస్తుంది. పది పదిహేను నిమిషాలు, వేడెక్కితే మళ్ళీ తడపడమే. ఐసు పెట్టకండి. తర్వాత రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే కలబంద గుజ్జు. మట్ట కొయ్యగానే పసుపుపచ్చటి సొన కారుతుంది, అది తగిలితే దురద. మట్టని కాసేపు నిలబెట్టి సొనంతా కారనిచ్చి, కడిగి, తొక్క తీసి, లోపలి తెల్ల గుజ్జే రాయండి. ముందు మోచేతి దగ్గర కాస్త రాసి చూడండి.

ఎరుపు ఒక రోజు దాకా ముదురుతూనే ఉంటుంది, కంగారు పడకండి. పొక్కులొస్తే చిదమొద్దు. తరవాణో, పల్చటి మజ్జిగో తాగిస్తూ ఉండండి.

విజయనగరం మందులషాపు:
నొప్పికి పారాసెటమాల్ చాలు. జ్వరం, వణుకు, వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నా, వీపంతా పొక్కులు లేచినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అబ్బాయి మొటిమలకి డాక్సీసైక్లిన్ గానీ వాడుతున్నాడా? అది వేసుకునేవాళ్ళకి ఎండ తొందరగా కాలుస్తుంది.

టెక్కలి అప్ప:
అట్ట చూశాను, అదే మాత్ర! జ్వరం లేదు, తడిగుడ్డకి కాస్త నిద్రపోయాడు. ఆదివారం అరసవల్లి మొక్కుంది, క్యూలో నిలబడొచ్చా?

విజయనగరం మందులషాపు:
మాత్ర రాసిన డాక్టరుకి ఈ రోజే ఫోను చేసి చెప్పండి, ఆయనేం చెయ్యమంటే అది.

నౌపడ ఉప్పుమడి:
ఆదివారం అక్కడ జనం తెలుసు కదా, ఎండెక్కే దాకా క్యూ కదలదు. తోలు ఊడే సమయం, కింద వచ్చే లేత చర్మం ఇంకా తొందరగా కాలుతుంది. మొక్కు ఇంకో వారం తీర్చుకోండి. అప్పుడైనా పొడుగు చేతుల నూలు చొక్కా, మొహానికి ఎండ కాల్చకుండా కాపాడే ఎస్‌పీఎఫ్ 30 క్రీము తప్పదు. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి.