ఇంటరప్ట్ 9 హ్యాండ్లర్: ప్రోగ్రాం ముగిశాక కంట్రోల్ కీ నొక్కినట్టే ఉండిపోతోంది
ఎంఎస్-డాస్ 6.22లో టర్బో సీ++ 3.0తో రాసిన ప్రోగ్రాంలో కీబోర్డుకు సొంత ఇంటరప్ట్ 9 హ్యాండ్లర్ (కీ నొక్కిన, వదిలిన ప్రతిసారీ నడిచే కోడ్) అమర్చాను. అది హెక్సా 60 పోర్టు నుంచి స్కాన్ కోడ్ (ఏ కీ నొక్కామో, వదిలామో తెలిపే సంఖ్య) చదివి, హెక్సా 20 పోర్టుకు ఇంటరప్ట్ పూర్తయిందని తెలిపే 20 పంపి ముగుస్తుందే తప్ప పాత హ్యాండ్లర్‌ను పిలవదు. నడుస్తున్నంతసేపూ లోపం లేదు. అయితే ఐడీఈలో (టర్బో సీ++ ఎడిటర్‌లో) కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కి నడిపినప్పుడు మాత్రం, ఎడిటర్‌కు తిరిగి రాగానే ఏ అక్షరం కొట్టినా కంట్రోల్‌తో కలిపి కొట్టినట్టే పనిచేస్తోంది; కంట్రోల్‌ను ఒకసారి నొక్కి వదిలితే సర్దుకుంటుంది. డాస్ ప్రాంప్టు నుంచి నడిపితే ఈ ఇబ్బంది రాదు.

పాత వెక్టరును (పాత హ్యాండ్లర్ చిరునామాను) ఇంటరప్టులు ఆపి మరీ పునరుద్ధరించాను, కీబోర్డు బఫరునూ ఖాళీ చేశాను, ఫలితం లేదు. కంట్రోల్ నొక్కిన సంగతి బయోస్‌కు (పాత హ్యాండ్లర్ ఉన్న సిస్టం ప్రోగ్రాంకు) చేరి, వదిలినప్పటి కోడ్ 9డీ నా హ్యాండ్లర్‌లోనే ఆగిపోతోందని నా అనుమానం. అదే నిజమైతే, ముగిసే ముందు, బయోస్ ఈ కీల స్థితిని దాచుకునే 40:17 చిరునామాలోని కంట్రోల్ బిట్‌ను నేనే చెరిపివేయడం సరైన పద్ధతా, లేక కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ కోడ్‌లను మొదటి నుంచీ పాత హ్యాండ్లర్‌కే అప్పగించాలా?