లాడాలు కొట్టేటప్పుడు గుర్రం చెవి మెలేస్తే తప్పా?

చంద్రగిరి కుర్రోడు:
అన్నలూ, మా నాయన పెళ్ళి ఊరేగింపులకి తిప్పే ఆడగుర్రం ఉంది, బ్యాండు మోగుతున్నా కదలదు గానీ లాడాలు కొట్టేటాయన ఎనక కాలు ముట్టుకుంటే చాలు తన్నేస్తుంది. పోయిన నెల ఆయన దాని చెవి పట్టుకోని మెలేసి పని కానిచ్చేసినాడు. అప్పట్నుంచి తల దగ్గరికి చెయ్యి పోనీదు, కళ్ళెం ఎక్కించాలంటే అరగంట, చెవి కాడికొచ్చేసరికి తల పైకెత్తి నన్ను గోడకి నూకేస్తా ఉంది. ఈసారి పై పెదవికి తాడు బిగిద్దాం అంటున్నాడు. అదీ ఇట్లే అయితే? నాయనేమో ఎన్నేండ్లుగా చేస్తున్నాం నువ్వేందిరా కొత్తగా అంటాడు.

పలమనేరు అన్న:
చెవి జోలికి ఇంగ పోవద్దు తమ్ముడూ, అది మర్చిపోదు. పెదవి వేరే లెక్క. కట్టెకి తాడు ఉచ్చు వేసి పై పెదవిని దాంట్లో పట్టి మెలేస్తే కాసేపటికి కళ్ళు వాల్చేస్తుంది. సన్న దారం, ఇనప తీగ వొద్దు, కోసుకుంటుంది, మెత్తటి నూలు తాడు చాలు. సుత్తి, మేకులు, లాడం అన్నీ పక్కన పెట్టుకున్నాకే బిగించు, మావాడొకడు బిగించేసినాక మేకులకోసం బజారుకి పోయినాడు! గుంజకి కట్టెయ్యొద్దు, మనిషే పట్టుకోవాల, ఎదురుగా కాదు భుజం పక్కన, ముందు కాలు విసిరితే మోకాలు పోతాది. తీసినాక పెదవిని అరచేత్తో బాగా రుద్దు.

వెటర్నరీ స్టూడెంట్, తిరుపతి:
అన్న చెప్పింది కరెక్టు. గుండె వేగం కొలిచి చూసిన 2017 స్టడీలో పెదవికి బిగిస్తే మొదటి 5 నిమిషాలు వేగం తగ్గింది, ఆ తర్వాత పెరిగింది, చెవికైతే మొదట్నుంచీ పెరిగిందే. అంటే 5 నిమిషాల్లో అయిపోయే పనికే ఇది, నాలుగు కాళ్ళకీ ఒకేసారి అంటే కుదరదు. అసలు ఒక్క ఎనక కాలే ఇవ్వడం లేదంటే మొండితనం కాదేమో, నొప్పి ఉందేమో చూపించండి. జైలజిన్ మత్తు డాక్టరే ఇవ్వాలి, మీరు కొనుక్కొచ్చి వెయ్యొద్దు, తల వేలాడేసిన గుర్రం కూడా ముట్టుకోగానే తన్నొచ్చు.

జట్కా మనవడు:
మా తాత ముళ్ళ కళ్ళెం వేసేవాడు, గమ్మున నిలబడేది.

పలమనేరు అన్న:
బండి లాగే, బరువు మోసే జంతువులని హింసించకుండా తెచ్చిన 1965 రూల్స్ ప్రకారమే అది నిషేధం అబ్బీ, నోరు చీలిన గుర్రం గమ్మున ఉండక ఏం చేస్తుంది.

చంద్రగిరి కుర్రోడు:
డాక్టర్ చూసినాడు, ఎనక కీలు వాచి ఉంది, మందులిచ్చి లాడాలు కొన్నాళ్ళు ఆపమన్నాడు. కళ్ళెం మాత్రం ఇప్పటికీ చెంప బకిల్ విప్పి, చెవి తగలకుండా ఎక్కిస్తున్నా. నాయన ఏం మాట్లాడలా, నిన్న సాయంత్రం ఆయనే కీలుకి కాపడం పెట్టినాడు.