3, 4, 5 తరగతులు ఊరి బడిలోనా, హైస్కూల్లోనా?

పలక_బలపం:
ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన జీఓ 117 కింద 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపారు. 2025 మేలో దాన్ని రద్దుచేసి కొత్త జీఓలు ఇచ్చారు. అయినా "సబ్జెక్టు టీచర్లు దొరికారు కదా, మళ్లీ వెనక్కెందుకు?" అనేవాళ్లున్నారు. పార్టీల గొడవ వద్దు, లెక్కతో చెప్పండి.

పీరియడ్_లెక్క:
నేను విలీనం వైపే. 1, 2 తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. 3 నుంచి వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. ఐదు తరగతులకూ కలిపి 18 పాఠాలు. విద్యాహక్కు చట్టం ప్రైమరీకి 200 రోజులు, 800 గంటలు అంటోంది. అంటే రోజుకు 240 నిమిషాలు. ఏకోపాధ్యాయ బడిలో పాఠానికి 13 నిమిషాలు, ఇద్దరున్నా 27 దాటవు. ఇందులోంచే హాజరు, యాప్‌లో ఫొటోలు. ఐదో తరగతికి భాగహారం చెప్పేలోపు ఒకటో తరగతి బయట ఆడుకుంటూ ఉంటుంది.

వాగు_అవతల:
సగం లెక్కే వేశారు మాస్టారూ. ఆ మూడు తరగతులకు రోజూ సబ్జెక్టుకొక పీరియడ్ వేస్తే ఆరు రోజుల వారానికి 72. స్కూల్ అసిస్టెంటుకు, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచరుకు, 30 పీరియడ్లు ఇచ్చినా ఇద్దరు సరిపోరు, అదీ సెక్షన్ ఒక్కటే అయితే. కొత్త పోస్టులు రాకుండా ఇవి ఎవరి నెత్తిన పడతాయి? హెచ్‌ఎం ముందు పదో తరగతినే కాపాడుకుంటారు, ఎవరైనా అంతే. టైంటేబుల్‌లో మూడో తరగతికి మిగిలేది ఖాళీగా ఉన్నవాళ్లే. గదుల సంగతి చెప్పనక్కర్లేదు.

జీఓ_చదివినవాడు:
విలీనానికి జాతీయ విద్యావిధానం 2020ని చూపించారు. అందులోని 5+3+3+4 ఏళ్ల దశల్లో రెండో తరగతి తర్వాత గీత ఉన్న మాట నిజమే. కానీ అందులో సబ్జెక్టు టీచర్లు వచ్చేది 6-8 దశలో, 3-5లో కాదు. ఆ గీత బోధన పద్ధతికి, భవనం మార్చడానికి కాదు. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీ ఉద్యోగాలకు బీఈడీ అర్హత చెల్లదంది. ఇక్కడేమో బీఈడీ స్కూల్ అసిస్టెంట్ల చేతికే మూడో తరగతిని అప్పగించారు!

పీరియడ్_లెక్క:
ఆ తీర్పు నియామకాల గురించి. స్కూల్ అసిస్టెంట్లలో చాలామంది ఎస్‌జీటీ (ప్రైమరీ టీచరు) నుంచి పదోన్నతిపై వచ్చినవాళ్లే, చిన్నపిల్లలకు చెప్పడం వాళ్లకు కొత్తేమీ కాదు. 72 పీరియడ్ల మాట మాత్రం ఒప్పుకుంటాను. పోస్టులు ఇవ్వని విలీనం విలీనమే కాదు.

వాగు_అవతల:
ఊళ్లో మిగిలిన బడి సంగతి కూడా చూడండి. 44 మంది ఉన్న బడి అనుకోండి. 60 లోపు ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం. 3-5లోని 28 మంది వెళ్తే మిగిలేది 16, రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దేటప్పుడు, ఒక టీచర్ సర్‌ప్లస్. ఆ ఒక్కరూ సెలవు పెడితే బడికి తాళమే. అన్నది ఒక బడి, చెల్లిది ఇంకో బడి అయ్యాక తల్లి ఇద్దరినీ కలిపి ప్రైవేటు బస్సెక్కిస్తుంది. మరుసటి ఏడాది 16 కాస్తా 9. దూరం కూడా కాగితం మీదే కిలోమీటరు, మధ్యలో హైవే ఉందా, వాగుందా అన్నది కొలతకు రాదు. కిలోమీటరు లోపైతే రవాణా భత్యమూ లేదు.

డేటా_ఎంట్రీ:
చిన్న విషయం, ఎవరూ పట్టించుకోరు. తరగతి మారితే పిల్లల్ని పాత బడి యూడైస్‌లో (బడుల వివరాల ఆన్‌లైన్ పోర్టల్‌లో) వదలాలి, హైస్కూల్ చేర్చుకోవాలి. ఈ మధ్యలో పేరు డ్రాప్‌బాక్స్‌లో ఉంటుంది, ఏ బడి లెక్కలోనూ ఉండదు. రెండు బడులూ ఒకే రోజు కూర్చుని చేసుకోవాలి. భోజనం లెక్కా జాగ్రత్త: హైస్కూల్లో కూర్చున్నా ఐదో తరగతి వరకు బియ్యం 100 గ్రాములే, 6-8కి 150. రెండు పద్దులు రాయకపోతే నెలాఖరుకు తేడా వస్తుంది.

జీఓ_చదివినవాడు:
మధ్యేమార్గం కొత్తదేమీ కాదు, 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ చెప్పిన స్కూల్ కాంప్లెక్సే, అంటే హైస్కూలూ చుట్టుపక్కల ప్రైమరీ బడులూ ఒక జట్టు. పిల్లలు కదలకుండా టీచర్ కదలాలి. హైస్కూల్ ఇంగ్లిష్, లెక్కల టీచర్లు వారానికి రెండు పూటలు దగ్గరి ప్రైమరీకి వస్తే చాలు.

పీరియడ్_లెక్క:
ఆ రెండు పూటలు హైస్కూల్లో ఎవరు చెబుతారు? 72కు కావలసిన పోస్టులే దీనికీ కావాలి. తేడా ఒక్కటే: ఇక్కడ హైవే దాటేది టీచరు.

వాగు_అవతల:
ఆ ఒక్క తేడా కోసమేనండీ ఇంతసేపూ వాదిస్తున్నది.