అప్‌డేట్: పెల్లెట్ లేని సాధనతో తప్పు దొరికింది

కుడిచేత్తో కాల్చే నాకు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పెల్లెట్లన్నీ (చిన్న సీసపు గుండ్లు) ఎడమవైపు కిందికే పోతున్నాయని రెండు నెలల క్రితం అడిగాను. డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేయమన్న అందరికీ కృతజ్ఞతలు.

రోజూ 20 నిమిషాలు, పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, ఖాళీ తెల్లగోడ ఎదుట నిలబడ్డాను. గురిచుక్క లేకపోవడమే మేలైంది. చూపు గొట్టం కొసన ఉండే ముందు సైటు మీదే నిలిచింది. ట్రిగ్గర్ తెగే (షాట్ విడుదలయ్యే) క్షణాన ఆ సైటు ఎటు ఉలిక్కిపడుతోందో స్పష్టంగా కనబడింది. వేలితోపాటు పిడికిలంతా బిగిస్తున్నాను! 500 గ్రాముల ఒత్తిడికే తెగే ట్రిగ్గర్‌కు అంత బలం ఎందుకు?

ఇప్పుడు ఎక్కువగా లక్ష్యం నడిమి 9, 10 వలయాల్లోనే పడుతున్నాయి. 60 షాట్ల చివర్లో మాత్రం భుజం ఇంకా అలసిపోతోంది. నా పిస్టల్‌లో డ్రై ఫైర్ ఏర్పాటు ఉంది; లేనివారు తయారీదారు సూచనలు చదివాకే మొదలుపెట్టండి.