ప్రాథమిక బడిలో పిల్లలే ఓటేసి ఎన్నుకునే బాలల సంఘం: ఎలా నడపాలి?

ప్రశ్న (టీచర్, పి.గన్నవరం మండలంలో ఒక లంక గ్రామం)

అందరికీ నమస్కారం. మాది ఇద్దరు టీచర్ల బడి. ఒకటి నుంచి ఐదు దాకా కలిపి నలభై మంది లోపే పిల్లలు. ఇన్నాళ్లూ క్లాస్ లీడర్‌ని మేమే పెడుతున్నాం, బాగా చదివేవాళ్లనో, గట్టిగా అరవగలిగేవాళ్లనో చూసి. ఈ ఏడు పిల్లలే ఓటేసి ఎన్నుకునే సంఘం పెట్టాలని ఉంది. మా హెచ్‌ఎం గారు "చేస్తే నడిచేదిగా చెయ్యండమ్మా, ఫొటో దిగి వదిలేసేదైతే వద్దు" అన్నారు. చదవడం రాని చిన్నవాళ్లు ఓటెలా వేస్తారు? మా బడిలో ఊళ్లో పిల్లలు ఎక్కువ, పేట (దళితవాడ) పిల్లలు తక్కువ. ఓట్లు పెడితే ప్రతిసారీ ఒకవైపు వాళ్లే గెలుస్తారేమో అని నా టెన్షన్. ఒక తండ్రి అయితే "ఇప్పట్నుంచే వాళ్లకి రాజకీయాలెందుకండీ?" అన్నారు. ఆయనకేం చెప్పాలి?

జవాబు (రిటైర్డ్ హెచ్‌ఎం, పాలకొల్లు)

అమ్మా, ముందు ఆ తండ్రి గారి సంగతి. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు తమ అభిప్రాయం చెప్పొచ్చు, వయసునిబట్టి ఆ మాటకి విలువివ్వాలి అని దాని సారం. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. అయితే ఆయనకి ఇవన్నీ చెప్పక్కర్లేదు. "బడిలో మరుగుదొడ్డి గడియ ఊడిపోతే మీ అమ్మాయి ఎవరితో చెబుతుందండీ?" అని అడగండి చాలు. చాలామంది ఆడపిల్లలు ఎవరితోనూ చెప్పరు. ఇంటికెళ్లేదాకా నీళ్లు తాగకుండా ఉండిపోతారు. మనం రోజూ అదే వరండాలో తిరుగుతూ ఉంటాం, మనకి తెలియదు.

ఓటు సులువే. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. చదువు రాని కోట్లమంది అలాగే ఓటేశారు. మీరూ అదే చెయ్యండి. పోటీ చేసేవాళ్లు తమ గుర్తు తామే గీసి డబ్బాకి అంటిస్తారు. దుప్పటి కట్టిన మూలలోకి ఒక్కొక్కరే వెళ్లి చింతగింజ వేసి వస్తారు. డబ్బాల్లో అడుగున గుడ్డ వెయ్యండి, గింజ పడ్డ చప్పుడు బయటికి వినపడకూడదు. గుర్తుల్లో సైకిలు, ఫ్యాను, గాజు గ్లాసు, కమలం, చెయ్యి వద్దు. పడవ, కొంగ, పనసకాయ, కొబ్బరిబొండాం చాలవూ?

ఊరూ పేటా విషయంలో మీ భయం నిజమైనదే, తేలిగ్గా తీసుకోకండి. అలాగని కులం పేరెత్తి సీటు కేటాయించవద్దు, ఆ పిల్లమీద అది ముద్రగా పడుతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చొప్పున ఆరుగురిని పెట్టండి. పదవి మూడు నెలలే. ఒకసారి చేసినవాళ్లు ఆ ఏడాది మళ్లీ నిలబడకూడదు. నలభై లోపు బడిలో ఇలా చేస్తే పెద్ద తరగతుల్లో చాలామందికి వంతు వస్తుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఓటేస్తే చాలు. వాళ్ల తరఫున అడిగి తెలుసుకునే పని మూడో తరగతి సభ్యులకి అప్పగించండి.

బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో 2005 నిబంధనలతో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనూ ఇలాంటి మండళ్లు తప్పనిసరి చేశారు. మనకి అంత ఆదేశం లేకపోయినా కేంద్రం 2010లో ఇచ్చిన విద్యాహక్కు నియమాలు చూడండి. పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులు పోగా మిగిలిన సీట్లలో కొన్నిటికి స్థానిక విద్యావేత్తలనో, బడి పిల్లలనో తీసుకోవచ్చని ఉంది. రాష్ట్రాలు తమ నియమాలు తాము చేసుకున్నాయి కాబట్టి అది మనకి నేరుగా వర్తించదు. కానీ కమిటీ సమావేశానికి ఇద్దరు పిల్లల్ని పిలిచి పది నిమిషాలు వినమని అడగడానికి మీకు ఆ ఆధారం చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డుమీద రాసే పని, గోల చేసేవాళ్లని పట్టివ్వడం, ఇవేవీ సంఘానికి ఇవ్వకండి. ఆ పని ఇచ్చిన రోజే తోటి పిల్లలు వాళ్లకి ఏదీ చెప్పడం మానేస్తారు. వాళ్ల చేతిలో నిజంగా తేల్చగలిగింది ఒకటైనా పెట్టండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకంలో ప్రాథమిక బడికి ఆటవస్తువులకని ఏడాదికి 5,000 రూపాయల దాకా ఇస్తారు కదా. వచ్చినప్పుడు ఏం కొనాలో వాళ్లనే తేల్చమనండి.

జవాబు (ఒక తల్లి, రాజోలు వైపు)

మాస్టారు చెప్పింది బాగుందండి. మాది పేటే. గెలవడం ఒక ఎత్తు, మీటింగులో నోరు తెరవడం ఇంకో ఎత్తు. మా పాప ఇంట్లో వాగుతూనే ఉంటుంది, బడిలో నలుగురు పెద్దింటి పిల్లల మధ్య కూర్చోబెడితే తలూపి వచ్చేస్తుంది. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, వరసగా ఒక్కొక్కరూ చెప్పేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదని పెట్టండి మేడమ్. మీరు కుర్చీ వేసుకోకుండా వాళ్లతోపాటే కింద కూర్చుంటే ఇంకా మంచిది.

ప్రశ్న అడిగిన టీచర్

చాలా థాంక్స్ అండి, వంతులవారీ మాట నాకు తట్టలేదు. ఇంకో చిక్కు. మొదటి మీటింగులోనే భోజనం సంగతి వస్తుంది, నాకు తెలుసు. డొక్కా సీతమ్మ గారి పేరున భోజనం పెడుతున్నాం, ఆవిడ మా మండలంలోని లంకల గన్నవరంలోనే ఉండి ఎందరికో అన్నం పెట్టారు. ఆ పేరు పెట్టుకుని పప్పు పలచగా ఉందంటే మాకే సిగ్గు. కానీ వండేవాళ్లు మా ఊరి ఆడవాళ్లే, పిల్లల చేత ఫిర్యాదు చేయించామని అనుకుంటారు.

జవాబు (బడిలో వంట చేసే మహిళ, కాట్రేనికోన మండలం)

మేడమ్ గారూ, మమ్మల్ని కూడా ఆ మీటింగుకి పిలిచి కూర్చోబెట్టండి. పిల్లలు మా ఎదురుగా చెబితే బాధేం ఉండదండి, వెనక నుంచి పైఆఫీసుకి కాగితం వెళితేనే కడుపు మండుతుంది. పొద్దున్నే ఎంతమంది వచ్చారో లెక్క సరిగ్గా రాకపోతే ఉన్న పప్పులోనే నీళ్లు పొయ్యాల్సొస్తుంది. హాజరు వేశాక ఆ అంకె మాకు తెచ్చిచ్చే పని సంఘం పిల్లలకి ఇవ్వండి. కూర కారంగా ఉందో లేదో చిన్నవాళ్లని అడిగి చెప్పమనండి, మర్నాడు తగ్గిస్తాం. గుడ్డు ఎప్పుడు పెడతారని మాత్రం మమ్మల్ని అడగొద్దనండి, అది సరుకు వచ్చినదాన్నిబట్టే.

జవాబు (రిటైర్డ్ హెచ్‌ఎం, పాలకొల్లు)

ఈ అమ్మ చెప్పినదాన్ని మించి నేను చెప్పేదేం లేదు.

మిగిలింది రిజిస్టరు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయించండి: పిల్లలు ఏం అడిగారు, ఎవరు చూడాలి, ఏమైంది. పదిహేను రోజులకోసారి, శనివారం ఆఖరి పీరియడ్ సరిపోతుంది. కొత్త విషయాలకి ముందు పాతవాటి మూడో గడి చదవాలి. అందులో "అయింది" అనో, "కుదరదు, ఎందుకంటే" అనో ఉండాలి, ఖాళీ ఉండకూడదు. గడియ, కుళాయి దగ్గర వరస, బంతి ఎవరి వంతు లాంటివి మొదటి నెలలోనే తేల్చెయ్యండి. అప్పుడే రెండో నెల నుంచి అసలు విషయాలు బయటికొస్తాయి.

మీ చేతిలో లేనివీ వస్తాయి. మీది లంక కాబట్టి వరద రోజుల్లో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) సంగతి, రేవు దగ్గర జారే మెట్ల సంగతి అడుగుతారు. కర్ణాటకలో పంచాయతీలు పిల్లల కోసమే మక్కళ గ్రామసభ పెడుతున్నాయి. మన దగ్గర మామూలు గ్రామసభకే పిల్లల ఉత్తరం పట్టుకెళ్లి చదివించొచ్చు, సర్పంచ్ గారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. ఉత్తరం పిల్లలే రాయాలి. తప్పులున్నా మీరు దిద్దవద్దు, మీ వాక్యాలు కలపవద్దు. సర్పంచ్ గారు ఏం చెప్పారో అది మూడో గడిలో ఎక్కించండి.